మూడు సోలల బియ్యం

అన్నానికి కూర్చున్నప్పుడల్లా సరిత తన ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంటుంది.

హాస్టలు వరండాలో రెండు వందల నలభై మంది ఆడపిల్లలు వరుసల్లో కూర్చుని తింటారు. చోటు తక్కువ. మోకాలికి మోకాలు తగిలితేనే అందరూ పడతారు. వార్డెన్ స్వరూప మేడం వరుసల మధ్య నడుస్తూ "జరుగు" అంటుంది. సరిత జరుగుతుంది. మేడం వరుస చివర మలుపు తిరగగానే మళ్ళీ వెనక్కి వస్తుంది. ఆ ఖాళీలో ఎవరైనా కూర్చుంటే పోట్లాడదు. ప్లేటు తీసుకుని లేచి ఇంకోచోటికి పోతుంది. అక్కడా ఎడమ పక్కన అంతే చోటు.

తోటి ఏడో తరగతి పిల్ల తేజస్విని ఒకసారి అడిగింది.

"ఎవరొస్తరే గీడ? మీ ఆయననా?"

వరుసంతా నవ్వింది. సరిత కూడా నవ్వింది. ఇంట్లో ఆ పక్కన అవ్వ కూర్చునేది.

సరితది వీపనగండ్ల దగ్గర ఒక చిన్న పల్లె. తండ్రి సాయన్న, తల్లి బాలమణి. కూలి చేసుకుని బతికినవాళ్ళు. వానలు పడితే ఊళ్ళో, వానలు లేకపోతే పుణెలో కట్టడాల దగ్గర. సరితకు ఆరేళ్ళప్పుడు, మిరపకాయలు తెంపడానికి పదిహేను మందిని ఎక్కించుకుని పోయిన ఆటో ఒక మలుపులో బోల్తా పడింది. పొద్దున పోయినవాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు.

తండ్రి తల్లి నర్సమ్మ పెంచింది. సరిత అవ్వ అనేది ఆమెనే. పిల్ల నాలుగు చదివాక అవ్వ ఆమెను వెంటబెట్టుకుని వనపర్తి దాటాక రోడ్డు పక్కనున్న ఈ బడికి వచ్చింది. చదువూ తిండీ పడకా అన్నీ ఇక్కడే. గేటు దగ్గర ఒక కార్డు ఇచ్చారు. అందులో తల్లి ఫోటోకు ఒక గడి, తండ్రి ఫోటోకు ఒక గడి. అవ్వ ఫోటోను తల్లి గడిలో అంటించారు. రెండోది ఖాళీగా ఉంది. ఫోటోలో ఉన్న మనిషి వస్తేనే పిల్లను చూడనిస్తారు, సెలవులకు పంపుతారు. అదీ నియమం.

రెండేళ్ళు నర్సమ్మ ప్రతి నెలా రెండో ఆదివారం వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చేది. పిల్ల చేయి పట్టుకుని అరగంట మాట్లాడకుండా కూర్చునేది. పోయేటప్పుడు ఒకటే మాట. "కడుపు నిండ తిను బిడ్డా."

ఈ ఎండకాలం చివర, మిరుగు కార్తె వచ్చిన వారానికి నర్సమ్మ పోయింది. ముందు రోజు పొలంలో పత్తి గింజలు నాటింది. పొద్దున లేవలేదు. సరిత సెలవులకు వచ్చి పక్కనే పడుకుని ఉంది.

అవ్వను మట్టిలో పెట్టిన పదకొండో రోజు చిన్నాయన పాల్ సరితను బడి గేటు దగ్గర దింపి పోయాడు. ఆయనా ఆయన భార్యా హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటారు. లిఫ్టు పక్కన ఒక గది వాళ్ళ ఇల్లు. ఊళ్ళో ఇంటికి తాళం వేశారు.

బడిలో కష్టాలు అందరివీ. నాలుగున్నరకు లేవాలి, లేకపోతే నీళ్ళు దొరకవు. రెండు వందల నలభై మందికి పనిచేసే నల్లాలు ఆరు. వానాకాలం పరుపులు తడిసి చేతివేళ్ళ సందుల్లో గజ్జి లేస్తుంది. వంతుల ప్రకారం బియ్యంలో రాళ్ళు ఏరాలి. సరిత ఇవన్నీ చేస్తుంది, ఏ ఒక్కదాని గురించీ మాట్లాడదు. ఆమెకు కష్టమైంది రెండో ఆదివారం ఒక్కటే. ఆ రోజు మైకులో పేర్లు పిలుస్తారు. ఫలానా పిల్లకు నాయన వచ్చిండు, ఫలానా పిల్లకు అమ్మ వచ్చింది. పిలుపు రాని పిల్లలు వరండా కడగాలి. సరిత కడుగుతూ వింటుంది. రాదని తెలుసు. అయినా మైకు గరగరమన్నప్పుడల్లా చీపురు ఆగుతుంది.

భాద్రపదం సగమయ్యాక ఆమెకు ఇంకో దిగులు పట్టుకుంది.

పెత్రమాస వస్తోంది. పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ పొద్దున అవ్వ తలకు పోసుకుని, వాకిలి అలికి, చేటలో బియ్యం పోసి, పైన రెండు ఆనపకాయ ముక్కలు, చింతపండు, ఉప్పు, ఎండు మిరపకాయలు పెట్టేది. పేరుకు ఒక సోల బియ్యం. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం తీసుకునే ఐనోరు భుజాన జోలె వేసుకుని వచ్చేవాడు. ఎవరి పేరు మీద అని అడిగేవాడు.

మామూలు రోజుల్లో ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు ఎవరూ తీయరు. మీ నాయన అనేది అవ్వ, మీ అమ్మ అనేది. ఏడాదికి ఆ ఒక్క పొద్దున మాత్రం సాయన్న అనేది, బాలమణి అనేది. ఐనోరు శంఖం ఊది ఆ పేర్లను వీధి చివరిదాకా వినబడేట్టు చదివేవాడు. సరిత గడపలో కూర్చుని వినేది. ఆ కాసేపు వాళ్ళు చనిపోయినవాళ్ళలాగా ఉండేవాళ్ళు కారు. ఎవరో పిలుస్తున్నారు, వాళ్ళు పెరట్లో ఏదో పనిలో ఉన్నారు, అంతే.

ఈ ఏడు మూడు పేర్లు. ఇచ్చే చేయి లేదు. చిన్నాయన బాప్తిస్మం తీసుకుని పదేళ్ళయింది, ఆయన ఇవ్వడు. వానలకు బడి మూతపడిన రోజులకు బదులుగా ఈసారి దసరా సెలవులను పెత్రమాస దాటిన మూడో రోజుకు జరిపారు.

హాస్టలు ఫోనులో పిల్లకు నాలుగు నిమిషాలు. సరిత చిన్నాయనకు చేసింది.

"చిన్నాయనా, పెత్రమాసకు తోలుకపోతవా?"

"దసరకు వస్త బిడ్డా. మేడంతోని మాట్లాడి తోలుకపోత."

"దసర తర్వాతొస్తది గద. బియ్యం ఇయ్యాలె."

అవతల లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు.

"మేము గవి చెయ్యం, నీకెర్కనే. ఆళ్ళు దేవుని దగ్గర ఉన్నరు. ఆడ ఆకలి ఉండది."

"ఆకలికి గాదు చిన్నాయనా."

"మరి దేనికి?"

దేనికో సరితకు చెప్పరాలేదు. నాలుగు నిమిషాలు అయిపోయాయి.

స్వరూప మేడాన్ని అడిగింది. మేడం రిజిస్టరు మీద నుంచి తల ఎత్తింది. "ఎవరొస్తరు నిన్ను తీస్కపోనీకి?"

"ఎవరు రారు మేడం. నేనే పోయి సాయంత్రం వరకు వస్త."

"పన్నెండేండ్ల పిల్లను ఒక్కదాన్ని బస్సెక్కిస్తే రేపు నన్ను ఎక్కిస్తరు జైలుకు. పో, చదువుకో."

మేడం కోపంగా అనలేదు. ఆ మాట నిజమే.

ఇక మిగిలింది వంటగది. బుజ్జమ్మ అక్కడ ఎనిమిదేళ్ళుగా వంట చేస్తోంది. సాయంత్రం బియ్యం ఎసట్లో పోసేముందు ఎంతమంది పిల్లలున్నారో అడిగి, పాలపొడి డబ్బాతో కొలుస్తుంది. పిల్లకు ఒక డబ్బా. సరిత వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, ఇయ్యాల నేను తినను. నా డబ్బ బియ్యం నాకియ్యి."

"ఒండకుంటనా? కోడివా ఏంది, పచ్చియి బుక్కనీకి?"

"దాచుకుంట."

"దాసుకొని?"

సరిత చెప్పింది. బుజ్జమ్మ చేతిలో డబ్బా అట్లాగే ఉంది. పొయ్యి మీద ఎసరు పొంగడానికి వచ్చింది. ఆమె తిరిగి మూత తీసి, మళ్ళీ సరిత వైపు చూసింది.

"ఎన్ని సోలలు?"

"మూడు."

"రెండు డబ్బలైతే ఒక సోల. ఆరు పూటలు ఎండుతవా?"

"పొద్దటి పూట తింట గద. మాపటికే."

"మేడంకు తెలిస్తే నన్ను ఎల్లగొడ్తది పిల్లా." అన్నది గానీ, సరిత ఓణీ చెంగు పట్టుకుని లాగి, అందులో ఒక డబ్బా కొలిచి పోసింది. తల కొట్టకుండా నిండుగా పోసింది.

ఆరు సాయంత్రాలు సరిత వరుసలో కూర్చోలేదు. కడుపులో నొప్పి అని ఒకరోజు, తలనొప్పి అని ఒకరోజు. బియ్యాన్ని దిండు గలేబులో పోసి రేకు పెట్టెలో బట్టల కింద పెట్టింది. మొదటి రెండు రోజులు ఆకలి గట్టిగా వేసింది. మూడో రోజు నుంచి ఆకలికి ఒక పని దొరికినట్టయింది. ఈ పూట అమ్మది, రేపటిది కూడా అమ్మదే, ఎల్లుండి అవ్వది మొదలవుతుంది. పడుకుని లెక్కపెట్టుకునేది.

తేజస్విని పసిగట్టింది. "ఒక్కపొద్దులున్నవానే? మొగుడు కలెక్టరు కావాలన్నా?"

"నీకెందుకే."

"నాకేం లేదు. ఎండిపోయి సస్తే నీ పెట్టె నేను తీస్కుంట." అంటూనే ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టె సగం విరిచి ఆమె ఒళ్ళో పడేసింది. సరిత చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. తింటే ఆ పూట వాళ్ళది కాకుండా పోతుంది.

అమావాస్యకు ముందు రోజు పొద్దున పెట్టెల తనిఖీ. గదుల్లో ఎలుకలు తిరుగుతున్నాయని చేశారు. స్వరూప మేడం సరిత పెట్టె తెరిచి గలేబు పైకి ఎత్తింది. బరువు చూసింది. ముడి విప్పింది.

"బియ్యం ఎక్కడియి?"

సరిత పెట్టె మూత అంచు పట్టుకుంది.

"ఎవరిచ్చిండ్రు? దొంగతనం చేసినవా?"

కిటికీలోంచి వంటగది పొగ కనబడుతోంది. సరిత అవునన్నట్టు తల ఊపింది.

ప్రార్థన దగ్గర అందరి ముందు నిలబెట్టారు. దొంగ అనే మాట మైకులో రెండుసార్లు వచ్చింది. ఎండలో రెండో గంట దాకా నిలబడింది. అదంతా ఆమెకు పెద్దగా తగల్లేదు. తర్వాత మేడం ఆ గలేబును స్టోరు గదికి తీసుకుపోయి, మూతి విప్పి ఉన్న గోనెసంచిలో బోర్లించింది. సరిత గుమ్మం దగ్గర ఉంది. బియ్యం బియ్యంలో పడితే పెద్ద చప్పుడు కాదు. పైన ఒక చిన్న కుప్ప నిలబడి, పక్కలకు జారి, సమమైపోయింది. అమ్మవి ఏవో, నాయనవి ఏవో, ఇక ఎవరూ ఏరలేరు. అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి ఆఫీసు గదిలోంచి బుజ్జమ్మ గొంతు వినబడింది.

"ఆ పిల్ల తన తిండి తను ఇడిసిపెట్టుకున్నది మేడం. నేనే కొలిచి ఇచ్చిన. దొంగ గాదు. నన్ను తీసేస్తె తీసెయ్యున్రి."

మేడం రిజిస్టరు మూసిన చప్పుడు.

"నిన్ను తీసేస్తే రేపు రెండు వందల నలభై మందికి నేను వండాల్నా?" అన్నది. "చూడు బుజ్జమ్మా. తల్లిదండ్రి లేని పిల్లలు ఈ బడిల యాభై మంది ఉన్నరు. ఒక్కదానికి ఇస్తే యాభై మందికి ఇయ్యాలె. సంచి తక్కువైతే పైనోళ్ళకు ఏమని రాయాలె? పెత్రమాస అని రాయాల్నా?"

బుజ్జమ్మ బయటికి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని, రవికలోంచి తన ఫోను తీసి సరితకు చూపించింది.

"మీ చిన్నాయన నంబరు జెప్పు."

సరిత చూడకుండా చెప్పింది. బుజ్జమ్మ ఫోనులో ఎక్కువ మాట్లాడలేదు. "నీ పిల్ల ఆరు పూటలు తినలె. బియ్యమంత కుమ్మరిచ్చిండ్రు. ఇగ నువ్వు, నీ దేవుడు," అని పెట్టేసింది.

అమావాస్య పొద్దున బడిలో సందడిగా ఉంది. ఆ రోజే మొదటి బతుకమ్మ. ఆటోలో తంగేడు, గునుగు పూలు వచ్చాయి. పిల్లలు గుంపులుగా కూర్చుని పేరుస్తున్నారు. సరిత గునుగుకు రంగు అద్దుతోంది. వేళ్ళు ఎర్రగా అయ్యాయి. పది దాటాక గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. తేజస్విని లేచి చూసి అరిచింది.

"ఏ సరితా! గదేందే, మీ చిన్నాయన ఒక జోలె సాధువును ఎక్కించుకొచ్చిండు!"

సరిత పరుగెత్తింది.

గేటు అవతల పాల్ నిలబడి ఉన్నాడు. కాపలా యూనిఫాం చొక్కాతోనే ఉన్నాడు. వెనుక సీటు మీద నుంచి ఊరి ఐనోరు దిగలేక దిగుతున్నాడు.

"నడుములు ఇరిగిపోయినయి పాపన్నా. నలబై ఇండ్లు ఇడిసిపెట్టి వచ్చిన. నలబై! ఊరోళ్ళు నన్ను బతకనిస్తరా?"

"పాల్ అను తాతా."

"పాలో పెరుగో. నీ పాస్టరు సాబ్ సూస్తే గిప్పుడు ఏమంటడో అది జెప్పు."

"ఆయనకు నేను జెప్పుకుంట."

గేటు దగ్గరి మనిషి కార్డు అడిగాడు. కార్డులో పాల్ ఫోటో లేదు. రెండో ఆదివారం కూడా కాదు. తాళం తీయనన్నాడు. స్వరూప మేడం వచ్చింది. పాల్ నమస్కారం పెట్టాడు.

"రాత్రంత బస్సుల ఊరికొచ్చి, ఆడ బండి అడుక్కొని వచ్చిన మేడం. పిల్లను తీస్కపోను. లోపలికి రాను. గీడనే, జర సేపు."

మేడం ఐనోరును చూసింది, సరిత ఎర్రటి చేతులను చూసింది. తాళం తీయమని చెప్పలేదు. పొమ్మని కూడా చెప్పలేదు. రెండు చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

పాల్ సంచిలోంచి మూడు పొట్లాలు తీశాడు. సోలతో కొలిచి కట్టినవి. ఊళ్ళో తాళం తీసి, అవ్వ సోలనే వెతికి కొలిచానని చెప్పాడు. ఆనపకాయ ముక్కలూ చింతపండూ మరిచిపోలేదు. ఊచల సందులోంచి ఒక పొట్లం లోపలికి ఇచ్చాడు.

ఐనోరు అడ్డు చెప్పాడు. "ఆగు పిల్లా. ఆడిపిల్ల ఒక్కతే ఇస్తే సెల్లదు. కొడుకు వరుసోడు ఉండంగ ఆడు చెయ్యి తాకియ్యాలె. పాపన్నా, పట్టు."

పాల్ వెనక్కి జరిగాడు. "నేను ముట్ట. తెచ్చుడు వరకే."

"నీ తల్లి గూడ ఉన్నదిరా ఈ పేర్లల్ల."

"ముట్ట తాతా. నన్ను అడగకు."

వెనుక పిల్లలు పూల దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడ్డారు. సరిత చిన్నాయన ముఖం చూసింది. ఆ ముఖం తన తండ్రి ముఖంలాగా ఉంటుందని అవ్వ అనేది. తండ్రి ముఖం ఆమెకు సరిగా గుర్తు లేదు. చెయ్యి తాకించమని అడగాలనుకుంది. అడగలేదు. పొట్లం విప్పి, బియ్యాన్ని దోసిలిలోకి తీసుకుని, ఊచల సందులోంచి చేతులు బయటికి చాచింది. ఐనోరు ఇంకా జోలె తెరవలేదు. సందు ఇరుకు. గింజలు వేళ్ళ మధ్య నుంచి రాలడం మొదలుపెట్టాయి.

పాల్ గబుక్కున ముందుకు వచ్చి ఆమె దోసిలి కింద తన దోసిలి పట్టాడు.

ఐనోరు జోలె నోరు తెరిచాడు. "గంతే. తాకింది."

"కింద పడ్తయని పట్టిన," అన్నాడు పాల్.

"అవునయ్య. ఎందుకు పట్టినవని నేను అడగలె గద. పేరు జెప్పు పిల్లా."

"సాయన్న."

ఐనోరు శంఖం ఊదాడు. ఊది, ఆ పేరును రోడ్డు అవతలి పత్తి చేలదాకా వినబడేట్టు చదివాడు. రెండో పొట్లం. బాలమణి. మూడోది. నర్సమ్మ. మూడుసార్లూ పాల్ చేతులు అట్లాగే కింద ఉన్నాయి. మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, తన దేవుడితో ఏదో చెప్పుకున్నాడు. సరిత కళ్ళు తెరిచే ఉంచింది. పేరు గాలిలో ఎంతసేపు ఉంటుందో చూడాలనుకుంది. ఎక్కువసేపు లేదు. ఒక లారీ పోయింది.

"అయిందా?" అని అడిగింది స్వరూప మేడం. అయిందని ఐనోరు చెప్పాడు. మేడం పిల్లలను వెనక్కి తోలుకుపోయింది. సరితను పిలవలేదు.

సరిత ఊచ పట్టుకుంది. "చిన్నాయనా, నన్ను గూడ తీస్కపో."

"మూడు దినాలే బిడ్డా. డ్యూటీ దిగి వస్త."

"ఇంటికేనా?"

ఇల్లంటే ఏ ఇల్లో ఇద్దరికీ తెలియదు. లిఫ్టు పక్క గది ముగ్గురికి చాలదు. తాళం వేసిన ఇంట్లో ఎవరూ లేరు.

"తాళం తీసే ఉంచుత," అన్నాడు పాల్. "మూడు దినాలు పండుకుందాం ఆడనే. మీ చిన్నమ్మను గూడ తోలుకొస్త."

ఐనోరు మళ్ళీ నడుము పట్టుకుని ఎక్కాడు. బండి మలుపు తిరిగేదాకా సరిత అక్కడే ఉంది. తిరిగాక కూడా కాసేపు ఉంది. గేటు కింద కొన్ని గింజలు రాలి ఉన్నాయి. రెండు పిచ్చుకలు వచ్చి, ఆమె కదలదని నమ్మకం కుదిరాక, తిన్నాయి. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. కడుపు అలవాటు తప్పింది.

మర్నాడు పొద్దున నీళ్ళ గంట కొట్టినా సరిత లేవలేదు. తేజస్విని కాలితో తట్టి లేపింది. ముఖం కడుక్కుని పోయి ఉప్మా వరుసలో నిలబడింది. తిన్నది. ప్లేటు తీసుకుని మళ్ళీ వరుస చివరికి పోయి నిలబడింది. బుజ్జమ్మ గరిటె ఆపి చూసింది. రెండు గరిటెలు వేసింది. సరిత గోడ పక్కన ఎండలో నిలబడి, వేడి వేడిగా, కడుపు నిండా అంతా తిన్నది.